కొర్లగుంట ఇల్లు, నా పంచాంగం

1941 డిసెంబరు 11, గురువారం

కొర్లగుంటలో ఇల్లు చూసి వచ్చాను. కొనడానికి. ఈ మాట రాస్తుంటే చేతికే కొత్తగా ఉంది. అరవై మూడేళ్ళలో నేను ఇల్లు చూడ్డమంటే అద్దెకే.

మట్టిగోడల మిద్దె. ముందు వసారా, రెండు గదులు, వెనక వంటిల్లు, వంటింటి గడప దాటితే బావి. చూపించింది దొరస్వామి నాయుడు. ఎద్దుల దళారి. ఈ మధ్య ఎద్దులతోబాటు ఇళ్ళూ అమ్మిస్తున్నాడు, అలవాటు మాత్రం పోలేదు. మూపురం చరిచినట్టు గోడను చరిచి, "సూడు సామీ, యాడన్నా కదిలిందేమో! కావాలంటే పండ్లు లెక్కబెట్టుకో" అన్నాడు. గోడకు పళ్ళేమిటయ్యా అంటే వాకిట్లో మెట్లు చూపించాడు. "ఆరుపండ్లది. ఇంకా ఇరవై ఏండ్లు దున్నతాది."

ఇరవై ఏళ్ళు నాకెందుకు. పది చాలు.

బావిలో చేద వేసి ఓ గుక్క తాగాను. ఏమీ అనలేదు. బేరగాడి మొహంలో ఏమీ కనిపించకూడదని నాయుడే ఎప్పుడో చెప్పాడు. చెంబుడు నీళ్ళు మాత్రం ఇంటికి తెచ్చాను.

డిసెంబరు 12

ఆ నీళ్ళతో కందిపప్పు ఉడికించాం.

రేణిగుంట స్టేషన్ టిఫిన్ రూములో ముప్పై ఒక్క ఏడు గరిటె తిప్పినవాణ్ణి. మనుషుల జాతకం కంటే నీళ్ళ జాతకం నాకు బాగా తెలుసు. ఉప్పునీళ్ళలో పప్పు పొద్దున పొయ్యి మీద పెడితే బొంబాయి మెయిలు వచ్చి పోయినా పలుకు పలుకుగానే ఉంటుంది. తప్పు బావిది, తిట్లు వంటవాడికి. ఒకసారి ఒక దొరగారి బట్లరు గిన్నె తెచ్చి నా ముందు బోర్లించి, ఇవి గోలీలా అని అడిగాడు... అది వేరే కథ. ఈ పప్పు మాత్రం రెండో పొంగుకే మెత్తగా కలిసిపోయింది.

కనకమ్మ గరిటెతో ఎత్తి చూసింది. జారవిడిచింది. మళ్ళీ ఎత్తింది.

"బావి ఎన్ని మట్లు?"

నలభై ఏళ్ళ కాపురంలో ఏ ఇంటి గురించీ ఈ మనిషి నన్నొక ప్రశ్న వేయలేదు. పదమంటే పొయ్యిసామాను తలకెత్తుకుని నడిచింది. అడిగిందంటే నచ్చిందన్నమాట. నేను లోతు చూడలేదు. ఆరు మట్లని చెప్పేశాను.

డిసెంబరు 13

వసారాలో కూర్చుని వేళ్ళు మడిచాను. పదకొండు ఇళ్ళు. పుత్తూరు ఇంట్లో గోడకు మేకు కొట్టకూడదు. రేణిగుంటలో మొదటి ఇంట్లో రోలు కదిలితే ఇంటివాళ్ళ పెద్దాయనకు తలనొప్పి. రెండో ఇంట్లో ఇంటావిడ అత్తగారు మా వసారాలోనే పడుకునేది. ఆమె పోయినప్పుడు ఏడ్చింది కూడా మేమే. ఇప్పుడీ కొండకింద ఊళ్ళో శేషాచలం చెట్టి ఇల్లు. వాళ్ళ బట్టలు ఉతకడం అయ్యాక గానీ బావి మాకు రాదు. చెట్టి భార్య రాతిమీద కూర్చుని కనకమ్మ తోడే కడవలు అరవంలో పైకే లెక్కబెడుతుంది. ఒణ్ణు, రెండు, మూణు... నాలుగోదానికి "పోదుం, పోదుం", చాలు చాలని. కనకమ్మ ఆ నాలుగో కడవ సగంలో ఆపి, తాడు చుట్టి వచ్చేస్తుంది. పద్నాలుగేళ్ళుగా.

ఆమెకు కావలసింది ఇల్లు కాదేమో. నాలుగో కడవేమో.

డిసెంబరు 14, ఆదివారం

బేరం తెగింది!

ఇంటాయన వెంకటరెడ్డి. చంద్రగిరి పక్క పల్లె. భార్య మేనత్త ఇల్లు, ఆమె పోయాక వీళ్ళకు వచ్చింది. పల్లెలో చెరువు కింద మడి ఒకటి అమ్మకానికి ఉందట, సంక్రాంతి లోపల డబ్బు కట్టకపోతే పోతుందట. అందుకే తొందర. ఇవన్నీ నాయుడు నా చెవిలో ఊదాడు. రెడ్డి చెవిలో నా సంగతులు ఏం ఊదాడో తెలియదు.

బేరం కొర్లగుంట ఇంటి వసారాలోనే. నాయుడు భుజం మీది తువ్వాలు తీసి నా చేతి మీదా, రెడ్డి చేతి మీదా కప్పాడు. సంతలో ఎద్దులకు చేసేదీ ఇదే. ధర నోటితో చెప్పకూడదు. తువ్వాలు కింద వేళ్ళు పట్టుకోవాలి, వేలుకు వంద. పైన ముగ్గురం వానల గురించి మాట్లాడుకుంటున్నట్టు కూర్చోవాలి.

నాతో అదే చిక్కు. రెడ్డి నా అరచెయ్యి మూడుసార్లు నొక్కాడు, నొక్కుకు అయిదొందలు, పదిహేను వందలు. "అబ్బో, అంతా?" అని పైకే అనేశాను.

"నోరు మూసుకో సామీ! వేళ్ళను మాట్లాడనీ. నీ నోటికి తువ్వాలు కప్పాల్సొస్తాది."

రెడ్డి నవ్వాడు. నేను పదకొండు పట్టుకున్నాను. ఆయన తల ఊపలేదు. ఆ చెయ్యి గట్టి చెయ్యి, నాగలి పట్టిన చెయ్యి. నాది నూనె మరకల చెయ్యి. కాసేపు రెండు చేతులూ తువ్వాలు కింద పిల్లుల్లా కదిలాయి. చివరికి పన్నెండున్నర. పోస్టాఫీసు పుస్తకంలో నాకున్నది పదమూడు. నాయుడికి ఇవ్వాల్సింది పోను కనకమ్మ గాజులు అమ్మకుండా మిగులుతాయి.

"సరేపా సామీ, మాటంటే మాటే. రేప్పొద్దున బయానా తెచ్చియ్యి, కాగితం రాసుకుందాం" అన్నాడు రెడ్డి.

అలాగే అన్నాను. ఇంటికి వచ్చి పంచాంగం తీశాను.

డిసెంబరు 15

సోమవారం నా నక్షత్రానికి చంద్రాష్టమం. మంగళవారం బేరాలకు పనికిరాదు. అంతలో ధనుర్మాసం వచ్చి కూర్చుంది, దాని వెనకే పుష్యం. రెండూ శూన్యమాసాలే. ఇంటి పనికి మొదటి అడుగు వెయ్యకూడదు. మాఘం వచ్చాక గానీ మంచిరోజు లేదు.

పొద్దున్నే నాయుడితో మా ఇంటికి వచ్చిన రెడ్డితో అదే చెప్పాను. పాపం నిలబడే విన్నాడు.

"నెలన్నర ఆగాల్నా? మడి పోతాది గదా సామీ. ఈరోజే ఇయ్యి, యాభై రూపాయలైనా ఇయ్యి, కాగితం మీద ఏలిముద్ర ఏసేస్తా."

"మంచిది కాదు రెడ్డీ. నీకూ మంచిది కాదు."

నాయుడు ఆకాశం వైపు చూశాడు. కనకమ్మ లోపలినుంచి అన్నీ విన్నది. రెడ్డి వెళ్ళాక, "ఆ బావి పంచాంగం చూసి ఊరిందా?" అంది.

జవాబు ఇక్కడ చెప్తాను. నేను బడికి పోలేదు. బోగీల్లో జనం వదిలేసి పోయిన పేపర్లు ఏరుకుని అక్షరాలు నేర్చుకున్నవాణ్ణి. అందుకే నా చదువుకు తలా తోకా ఉండదు. ఎన్నో కథల నడిమి పుటలు నాకొచ్చు, మొదలు మద్రాసులోనూ చివర గుంతకల్లులోనూ ఉండిపోయాయి. రెండు అట్టలూ ఉన్న పుస్తకం నా చేతికి మొట్టమొదట వచ్చింది ఒక పంచాంగమే. వెయిటింగు రూములో ఎవరో మరిచిపోయారు. ఆ ఏడాదంతా చదివాను. ఇప్పుడు ఈ వీధిలో పెళ్ళిళ్ళకూ, పిల్లల్ని బళ్ళో వెయ్యడానికీ నన్నే అడుగుతారు. కాఫీ హోటల్లో బల్ల మీద జాగా ఇచ్చి మరీ అడుగుతారు. అటువంటివాడు ధనుర్మాసంలో బయానా ఇచ్చాడంటే?

కనకమ్మకు ఇవన్నీ చెప్పినా అదే మాట అంటుంది.

డిసెంబరు 19

రెడ్డి మళ్ళీ కబురు పంపాడు. మాఘం అన్నాను.

డిసెంబరు 26

కాఫీ హోటల్లో అంతా రంగూను గురించే. బాంబులు పడ్డాయట. మద్రాసులో జనం మూటలు కడుతున్నారట. జపాను ఎక్కడ, మన మైలాపూరు ఎక్కడ. నవ్వాను. ఇప్పుడు రాస్తుంటే అంత నవ్వు రావడం లేదు.

1942 జనవరి 3, శనివారం

స్టేషను నుంచి జట్కాలు వరసగా వస్తున్నాయి. ట్రంకుపెట్టెలు, ఊయల బల్లలు, వీణ ఒకటి, పంజరంలో చిలక. దేవుణ్ణి చూడ్డానికి వచ్చే జనం చిలకను తెచ్చుకోరు.

కాఫీ హోటల్లో నా పక్కన ఒక మద్రాసు వకీలు కూర్చున్నాడు. బంగారు ఫ్రేము కళ్ళద్దాలు, మంచి మర్యాద. సత్రంలో దిగారట, భార్యకు ఇక్కడి నీళ్ళు పడడం లేదట. నీళ్ళ మాట వచ్చిందంటే నన్నెవడు ఆపగలడు? కందిపప్పు సంగతి, బట్లరు గోలీల సంగతి, ఏ వీధిలో ఏ బావి ఉప్పన, ఏ బావి చప్పన, అన్నీ చెప్పాను. చివరికి కొర్లగుంట బావి. రెండో పొంగుకే ఉడికిందని చెయ్యి తిప్పి చూపించాను. గోడలు రెండు జానలు, బాంబు పడినా చెక్కుచెదరవని నాయుడి మాటలు కూడా కలిపాను. ఆయన నోరు తెరుచుకుని విన్నాడు. నా కాఫీకి ఆయనే డబ్బు ఇచ్చాడు.

ఇంత బాగా వినే మనిషి దొరికి ఎన్నాళ్ళయిందో.

జనవరి 6

కనకమ్మను ఇల్లు చూపించడానికి తీసుకుపోయాను. తాళం నాయుడు తీశాడు. ఆమె గదులు చూడలేదు. నేరుగా వెనక్కి పోయింది. చేద వేసింది, తోడింది, కాళ్ళమీద పోసుకుంది. మళ్ళీ తోడింది, మొహం కడుక్కుంది. మళ్ళీ తోడి ఊరికే గట్టుమీద గుమ్మరించింది. అయిదో చేదకు నాయుడు, "ఏమమ్మా, బావి కడగతా ఉండావా?" అన్నాడు.

ఆమె నవ్వింది. ముందు పన్ను ఒకటి ఊడిందని నాకు ఇవాళే తెలిసింది.

దారిలో, "రెడ్డికి ఓ వంద ముందే చేతిలో పెట్టండి. పసుపు రాయకుండా, కుంకుమ పెట్టకుండా, ఊరికే అప్పిచ్చినట్టు ఇవ్వండి. అది ముహూర్తం లెక్కలోకి రాదు గదా" అంది.

తెలివైన మాట. శాస్త్రంలో అటువంటి సందు ఉందేమో చూడాలి.

జనవరి 7

చూశాను. లేదు.

జనవరి 12

శేషాచలం చెట్టి వచ్చాడు. ఎప్పుడూ వసారా కింద నిలబడి మాట్లాడేవాడు, ఇవాళ పైకొచ్చి కూర్చున్నాడు.

"సామీ, మాఘం అమావాస్య లోపల ఖాళీ చేసిపెట్టాల. మద్రాసోళ్ళు ముప్పై ఇస్తామంటా ఉండారు. నువ్విచ్చేది ఎనిమిది. నేనేం జేసేది చెప్పు?"

పద్నాలుగేళ్ళుగా ఉంటున్నాను కదా అన్నాను.

"అందుకే నెల టైమిచ్చినా. వేరేవాళ్ళకైతే వారమే."

నాకు కోపం రాలేదు. గర్వంగా చెప్పాను. నీ ఇల్లు నాకు అక్కర్లేదు చెట్టీ, మాఘంలో సొంత ఇంటికి పోతున్నాను అని. చెట్టి భార్య బావి దగ్గరనుంచి తల తిప్పి చూసింది. కనకమ్మ ఆ సాయంత్రం నాలుగో కడవ నిండా తోడింది.

జనవరి 22, గురువారం

మాఘం. మంచి తిథి, మంచి వారం. తాంబూలం పళ్ళెం సర్దుకుని, బయానా నడుముకు కట్టుకుని, చంద్రగిరి బండి ఎక్కాను. అక్కడినుంచి రెండు మైళ్ళు నడక.

రెడ్డి ఇంట్లో లేడు. "ఊళ్ళో లేడు సామీ" అంది భార్య. ఎప్పుడొస్తాడు? "తెలీదు సామీ." మజ్జిగ ఇచ్చింది. వాకిట్లో రెడ్డి చెప్పులు ఉన్నాయి, కొత్తవి. పాతవి తొడుక్కుని పోయాడేమో.

చెరువు కింద మడి గురించి అడిగాను. "అది సంక్రాంతి ముందే ఎవురో కొనేసినారు" అంది. నా వైపు చూడకుండా అంది.

తిరుగుబండిలో పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. తమలపాకులు వాడిపోయాయి.

జనవరి 25

నాయుడు కనపడడం లేదు.

జనవరి 29

రెడ్డే వచ్చాడు! లేచి నిలబడి బయానా తీయబోయాను. చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఇప్పుడొద్దు సామీ. శుక్రమూఢం వచ్చింది గదా. మూఢంలో బయానా తీసుకుంటామా? నాకూ మంచిది గాదు, నీకూ మంచిది గాదు."

నా మాటలే. నా గొంతుతోనే. ఒక్క అక్షరం తప్పలేదు.

"ఎవరు చెప్పారు నీకు మూఢమని?"

"నువ్వు జెప్పకపోతే ఊళ్ళో ఇంకెవురూ జెప్పరా సామీ? పది దినాలు. మూఢం పోనీ."

నిజమే, మూఢమే. పంచాంగంలో ఉంది. ఏమని వాదించను? నెలన్నర ఆగమని పొలం పోగొట్టినవాణ్ణి, పది రోజులు ఆగనని ఎలా అనను? సరే రెడ్డీ అన్నాను. మాట మాటే కదా అన్నాను.

"దానికేముండాది సామీ" అన్నాడు. ఆ జవాబును ఇప్పటికి పదిసార్లు తిప్పి చూశాను. అవుననీ ఉంది, కాదనీ ఉంది.

కనకమ్మ వంటింట్లో పప్పు కడుగుతోంది. కడిగిందే కడుగుతోంది.

ఫిబ్రవరి 4, బుధవారం

మూఢం ఇంకా నాలుగు రోజులు. వాకిలి గడపకు పసుపు, కుంకుమ, మామిడాకులకు ఎవరికి చెప్పాలో చీటీ రాసుకున్నాను. మధ్యాహ్నం హాయిగా నిద్ర పట్టింది.

ఫిబ్రవరి 9, సోమవారం

రాయాలి. రాయకపోతే రేపటికి దీన్ని నాకు అనుకూలంగా చెప్పుకుంటాను. నా సంగతి నాకు తెలుసు.

మూఢం నిన్నటితో పోయింది. ఇవాళ కొర్లగుంట ఇంటి దగ్గరే కాగితం రాసుకుందామని రెడ్డికి కబురు పెట్టి ఉన్నాను. జవాబు రాలేదు, వస్తాడనే అనుకున్నాను. కనకమ్మ పెళ్ళినాటి పట్టుచీర కట్టింది. నేను పళ్ళెం పట్టుకున్నాను. తమలపాకులు, వక్కలు, పసుపు, కొబ్బరికాయ, రవికెగుడ్డ. రెడ్డి భార్య వస్తే ఇవ్వాలని.

వాకిట్లో రెండు బళ్ళు. ట్రంకుపెట్టెలు. గోడలకు సున్నం వేస్తున్నారు. వసారాలో పంజరం, అందులో చిలక.

బంగారు ఫ్రేము కళ్ళద్దాలు ఎదురొచ్చాయి.

"రండి రండి! మీరే రావాలి మొదట. ఆ రోజు మీరు చెప్పకపోయి ఉంటే ఈ బావి సంగతి నాకెలా తెలిసేది స్వామీ?"

నిజంగా సంతోషంతోనే అన్నాడు. ఆయన కళ్ళలో కపటం ఉంటే బాగుండేది.

రిజిస్ట్రేషన్ బుధవారమే అయిపోయిందట. ఎన్ని గంటలకు అని అడిగాను. ఎందుకడిగానో. పన్నెండున్నరకట. బుధవారం పన్నెండున్నర అంటే రాహుకాలం.

"మూఢం కదండీ" అన్నాను.

ఆయన కళ్ళద్దాలు తుడుచుకుంటూ, "బాంబుకు మూఢం ఉందా స్వామీ?" అన్నాడు.

నేను రెడ్డి మాట ఇచ్చాడని చెప్పాలి. ఇది నా ఇల్లని చెప్పాలి. జీవితమంతా మాట్లాడినవాణ్ణి, పళ్ళెంలో కొబ్బరికాయ సర్దుకుంటూ నిలబడ్డాను. అంతలో వకీలు భార్య వచ్చింది. నా చేతిలో పళ్ళెం చూసింది. మొహం వెలిగిపోయింది. "ఎంత మర్యాదండీ మీ ఊళ్ళో! పరిచయం లేకపోయినా గృహప్రవేశానికని తాంబూలం తెచ్చారు" అని రెండు చేతులతో అందుకుంది. లోపలికి తీసుకుపోయింది. పళ్ళెంలో కాస్త పటికబెల్లం వేసి తిరిగి తెచ్చింది. కనకమ్మకు కుంకుమ పెట్టింది.

కనకమ్మ పెట్టించుకుంది. వంగి మరీ పెట్టించుకుంది.

"నీళ్ళు చాలా బాగున్నాయండీ. పప్పు మెత్తగా ఉడుకుతోంది" అని కూడా అంది ఆ తల్లి.

ఇంటిదారి పట్టాం. మలుపు దగ్గర కనకమ్మ పటికబెల్లం ఒక జట్కా గుర్రానికి పెట్టేసింది.

ఫిబ్రవరి 10

సంతలో నాయుడు దొరికాడు. నేను గట్టిగా అరిచాను, జనం చూశారు. అతను ఎద్దు మెడ నిమురుతూనే ఉన్నాడు.

"రెట్టింపు ఇస్తామనినాడు సామీ ఆ వకీలు. యాడో నా పేరు తెలుసుకొని నా కాడికే వొచ్చినాడు. ఆ బావి నీళ్ళల్లో పప్పు రెండో పొంగుకే ఉడుకుతాదంట గదా అని ఆయనే జెప్పె! ఇంటి సంగతి నాకంటే ఆయనకే బాగా తెలుసు."

"నాకు మాటిచ్చారు మీరు."

"ఇస్తిమి. నువ్వు ఎద్దును బేరం జేసి వాళ్ళ కొట్టంలోనే వొదిలిపెట్టి పోతివి. నెలన్నర మేత ఎవురు ఎయ్యాల? రెడ్డికి మడి పోయె. నీ మీద కోపం ఉండాది ఆయనకు, డబ్బు ఆశ ఒకటే గాదు. ఆరోజు యాభై రూపాయలు ఇయ్యి సామీ అని ఎంత బతిమలాడె!"

మూఢం పేరు చెప్పమని ఎవరు నేర్పారు అని అడిగాను.

"నువ్వే నేర్పితివి గదప్పా" అన్నాడు. వెక్కిరింపుగా కూడా అనలేదు.

నాయుడి మీద నాలుగు పుటలు తిట్లు రాద్దామని కూర్చున్నాను. ఒక్క వాక్యం కుదరలేదు. అతను అన్నదాంట్లో అబద్ధం వెతికాను, అదీ దొరకలేదు.

ఫిబ్రవరి 11

కాఫీ హోటలుకు పోలేదు.

ఫిబ్రవరి 12

మూడు వీధులు తిరిగాను. ఖాళీ పోర్షను అన్నది లేదు. పశువుల కొట్టాలకు కూడా సున్నం వేసి మద్రాసు వాళ్ళకు ఇస్తున్నారు. ఒకచోట ఇంటాయన నన్ను గుర్తుపట్టి, కొడుకు పెళ్ళికి రోజు చూడమన్నాడు. చూడనన్నాను. మొదటిసారి. "ఏం సామీ, ఒంట్లో బాగలేదా?" అని ఆప్యాయంగా అడిగాడు.

ఫిబ్రవరి 13

కనకమ్మ ఒక్క మాట అనలేదు. ఆరోజు బావి గురించి అన్నట్టు ఏదైనా అంటే, నేను కోప్పడవచ్చు. కోప్పడితే కాస్త నయంగా ఉంటుంది. ఆమెకు ఆ సంగతి తెలుసు. అందుకే అనడం లేదు.

ఫిబ్రవరి 14, శనివారం

వకీలు వెతుక్కుంటూ వచ్చాడు. చెట్టి ఖాళీ చేయమన్నాడని ఎవరో చెప్పారట. సింగపూరు ఇవాళో రేపో పడిపోతుందంటున్నారు, మద్రాసునుంచి ఆయన అన్నదమ్ముల కుటుంబాలూ వస్తున్నాయట, పదహారు మంది. వంటమనిషి దొరకడం లేదు.

"వెనక వంటింటి పక్కన చిన్న చావడి ఉంది, మీకు తెలుసుగా. అద్దె ఒద్దు. మీ ఇద్దరూ అక్కడే ఉండండి. వంట చూసుకోండి. మీ చేతి పప్పు గురించి మీరే చెప్పారుగా స్వామీ!"

చావడి అంటున్నాడు. వంటచెరుకు వేసుకునే పంచ అది. నేను చూసిన రోజు అక్కడ కోళ్ళు ఉన్నాయి.

జీతం కూడా చెప్పాడు. టిఫిన్ రూములో ఇచ్చినదానికంటే ఎక్కువే. ఇంత దయగా ఎవరైనా అవమానిస్తే ఏం చెయ్యాలో నాకు ఏ పేపరు ముక్కలోనూ కనపడలేదు. రేపు చెప్తానన్నాను.

పోయాక కనకమ్మకు చెప్పాను. ఒప్పుకోమని చెప్పలేదు, వద్దనీ చెప్పలేదు. నేను బేరం చేసిన ఇంట్లో, నేను రుచి చూసిన నీళ్ళతో, ఇంకొకరి పదహారు మందికి పప్పు ఉడికించడం నావల్ల కాదని మాత్రం చెప్పాను. ఆ మాట రెండుసార్లు చెప్పాను.

ఆమె చేటలో బియ్యం ఏరుతోంది.

"బావిలో ఎప్పుడంటే అప్పుడు తోడుకోవచ్చా, వంతు పెడతారా? అడిగినారా?"

అడగలేదు.

ఫిబ్రవరి 15, ఆదివారం

అమావాస్య. చెట్టి గడువు ఇవాళే. కొత్తగా దిగేవాళ్ళ పరుపుచుట్టలు పొద్దున ఏడింటికే మా వసారాలోకి వచ్చాయి. వాటి పక్కనే కూర్చుని రాస్తున్నాను.

పోవడానికి రెండే చోట్లు. వకీలు ఇల్లు ఒకటి. సత్రం ఒకటి, అక్కడ మూడు రోజులకు మించి ఉండనివ్వరు. కనకమ్మ చెల్లెలికి కాళహస్తికి ఉత్తరం రాశాను, జవాబు రాలేదు.

నేను ఏదీ తేల్చలేదు. కనకమ్మ అటకమీది గిన్నెలన్నీ దించింది. పెద్దవీ చిన్నవీ ఒకదాంట్లో ఒకటి పెట్టి, పాతచీరలో మూట కట్టింది. వంటకు తీసుకుపోవడానికి సర్దినట్టు ఉంది. సత్రానికి సర్దినా అలాగే ఉంటుంది. ఎటు అని అడిగాను. విననట్టే ఉంది.

బండికి కూడా ఆమే చెప్పింది. బండి వచ్చి నిలబడింది. మూటలు ఎక్కించారు. ఆమె కూడా ఎక్కి, నాకు వీపు పెట్టి, కొర్లగుంట వైపూ కాకుండా సత్రం వైపూ కాకుండా నేరుగా చెట్టి గోడను చూస్తూ కూర్చుంది.

ఈ వాక్యం ముగించేదాకా ఆగమన్నాను. బండివాడు తాడు పట్టుకుని నన్నే అడుగుతున్నాడు.

"యాడికి సామీ?"

ఇది రెండోసారి.